కుందేలుకి బొరియ లేదు

పోయినేడాది నా నవలొకటి సీరియల్‌గా వస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున్నే కంబదూరు నుంచి మా మేనమామ ఫోను చేశాడు. మామ తనంతట తాను ఫోను చేశాడంటే బంధువుల్లో ఎవరికన్నా ఒంట్లో బాగుండకపోవాలి, లేదా వాన కురిసి ఉండాలి. ఆ ఊళ్లో రెండోది మొదటిదానికన్నా అరుదు. అందుకని కాస్త భయపడుతూనే ఎత్తాను.

"పాపా, బాగుండావా?"

"బాగున్నాను మామా. అక్కడ అంతా..."

"అంతా బాగుండాములే. మీ అత్త నీ కత చదివి వినిపించింది. కుక్క తరుముకుంటే చెవులపిల్లి బొక్కలో దూరిందని రాసినావు గదా?"

"అవును మామా!" అన్నాను సంబరంగా. పల్లెలో ఉన్న మామ కూడా నా నవల వింటున్నాడంటే ఏ రచయిత్రికి ఉండదు చెప్పండి సంబరం?

"చెవులపిల్లికి బొక్క యాడిది పాపా? అదేమన్నా ఎలకా?"

అంతే. ఇంకో మాట లేదు. పెట్టేశాడు.

చెవులపిల్లి అంటే మా అనంతపురం వైపు కుందేలు. పిల్లికి పొడుగు చెవులు తగిలించినట్టుంటుందని ఎవరో పుణ్యాత్ములు పెట్టిన పేరు. పెళ్లయి కోస్తాకి కాపురానికొచ్చిన కొత్తల్లో ఈ మాట అని నవ్వులపాలయ్యాను. అప్పట్నుంచీ జాగ్రత్తగా 'కుందేలు' అనడం నేర్చుకున్నాను. మాట మార్చుకున్నప్పుడే జంతువు కూడా మారిపోయిందని మాత్రం మామ చెప్పేదాకా తెలియలేదు.

ఆ సన్నివేశమంటే నాకు మహా మక్కువ. కథానాయకుడి కుక్క కుందేలును తరుముతుంది. కుందేలు బొరియలో దూరుతుంది. కుక్క ఆ బొరియ ముందు తెల్లవార్లూ కూర్చుంటుంది. ఇక్కడ కథానాయిక కిటికీ దగ్గర అతని కోసం తెల్లవార్లూ కూర్చుంటుంది. ఎంత చక్కటి పోలిక! కళ్లు చెమర్చాయని పాఠకురాళ్లు ఉత్తరాలు కూడా రాశారు. ఒక్కరంటే ఒక్కరు కూడా కుందేలుకి బొరియేమిటని అడగలేదు. అడగవలసిన మనిషి కంబదూరులో ఉన్నాడు.

ఇంతకీ ఆ బొరియ నాకెక్కడ దొరికిందంటే, బి.ఏ.లో చదివిన ఇంగ్లీషు కథల్లో. ర్యాబిట్ అన్నా కుందేలే, హేర్ అన్నా కుందేలే అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. తీరా ఇప్పుడు పుస్తకాలు తిరగేస్తే రెంటికీ కాపురాల్లోనే తేడా. ర్యాబిట్ నేలలో సొరంగాలు తవ్వుకుని, ఉమ్మడి కుటుంబంలా గంపెడు సంసారంతో ఉంటుంది. దాని పిల్లలు కళ్లు తెరవకుండా, ఒంటి మీద నూగైనా లేకుండా పుడతాయి. హేర్‌కి ఇల్లూ లేదు, వాకిలీ లేదు. గడ్డిదుబ్బు పక్కన తన ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని అందులో అణిగి పడుకుంటుంది. దాని పిల్లలు పుడుతూనే కళ్లు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో ఉంటాయి. ఇల్లు లేనివాళ్ల పిల్లలు తొందరగా కళ్లు తెరవక ఏం చేస్తాయి! మన చేలగట్ల మీద లేచి పరిగెత్తేది ఈ రెండోది. మెడ వెనక నల్లటి మచ్చ ఉంటుంది.

ఓడిపోయిన మనిషికి పట్టుదల ఎక్కువ. బొరియల కుందేళ్లను ఆ దేశాల్లో ఎలా పట్టుకుంటారో కూడా చదివాను. ఫెరెట్ అనే జంతువును పెంచుతారు. ముంగిసను కాస్త సాగదీసి ఊలు స్వెట్టరు తొడిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఇది నిన్నా మొన్నటి వేట కాదు. స్పెయిన్ పక్కనున్న బలేరిక్ దీవుల వాళ్లు, కుందేళ్లు పంటలన్నీ తినేస్తున్నాయి, సైన్యాన్ని పంపించండి మహాప్రభో అని రోము చక్రవర్తి అగస్టస్‌కి మొరపెట్టుకున్నారనీ, అక్కడ బొరియల్లోకి ఇలాంటి జంతువునే వదిలేవారనీ రెండు వేల ఏళ్ల కిందటి ప్లినీ రాసిపెట్టాడు. బొరియ నోళ్లన్నిటికీ వలలు కట్టి, ఒక నోట్లోంచి ఫెరెట్‌ను లోపలికి పంపుతారు. లోపలున్నది ప్రాణభయంతో ఇంకో నోట్లోంచి దూకి వలలో పడుతుంది.

మరి మధ్యలో కుక్క పనేమిటి? నాకూ అదే సందేహం వచ్చింది. గట్టు నిండా బొక్కలుంటే ఏ బొక్క కింద కాపురముందో చెప్పడమట దాని పని. ఖాళీ బొక్కలను వాసన చూసి వదిలేయాలి. కుందేలున్న చోట కదలకుండా నిలబడి యజమాని వంక చూడాలి. మొరగకూడదు, తవ్వకూడదు. మొరిగితే లోపలివాళ్లు హుషారైపోతారు. వలలో పడ్డదాని మీద దూకకూడదు. వల తప్పించుకున్నదాన్ని మాత్రం తరిమి, నలపకుండా పట్టుకురావాలి. అన్నిటికన్నా కష్టమైన సంగతేమిటంటే, బొక్కలోంచి ఒళ్లు దులుపుకుంటూ బయటికొచ్చిన ఫెరెట్‌ను కుందేలనుకుని కొరకకూడదు. అందుకని కుక్కను పిల్లగా ఉన్నప్పుడే ఫెరెట్ పక్కన మసలనిచ్చి, అది మనింటి మనిషేనని నమ్మిస్తారు. ముక్కు పనిచేసే టెర్రియర్‌కీ, కాళ్లు పనిచేసే వేటజాగిలానికీ పుట్టిన సంకరం దీనికి బాగా పనికొస్తుందట. ఏ కుక్కనైనా ఎంచుకునేటప్పుడు చూసేది దుడుకుతనం కాదు, ఓర్పు.

ఈ జ్ఞానమంతా మూటగట్టుకుని మామకి నేనే ఫోను చేశాను.

"ఇంగ్లండులో కుందేళ్లకి బొక్కలుంటాయి మామా."

"అట్లయితే నీ కతను ఇంగ్లండులోనే పెట్టుకోవాల్సింది," అన్నాడు. మళ్లీ ఏమనుకున్నాడో, "మొరగకుండా నిలబడే కుక్కంటివే, అది మంచి కుక్క. వచ్చి మన తెల్లను చూసిపో" అన్నాడు.

తెల్ల సంగతి చెప్పాలి. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడుతూ, కుక్కను పెంచుకోవాలనుకుంటే మన దేశవాళీ జాతిని తెచ్చుకోండి అంటూ ముధోల్, రాజపాళయం, కన్ని, చిప్పిపారై అని పేర్లు కూడా చెప్పారు. బెంగుళూరులో ఉన్న మా తమ్ముడు చిన్నప్పట్నుంచీ ఎవరి మాటా వినడు గానీ ఆ మాట విన్నాడు. బోలెడు డబ్బు పోసి ముధోల్ పిల్లను కొన్నాడు. స్టెల్లా అని పేరు పెట్టాడు. తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు. ఆరు నెలలయ్యేసరికి స్టెల్లా కర్టెన్లు, సోఫా, మా మరదలి పట్టుచీర అంచు వరసగా పూర్తిచేసింది. కుక్కయినా ఉండాలి, తానయినా ఉండాలి అంది మరదలు. మా తమ్ముడు రెండు రోజులు ఆలోచించాడట. ఆ రెండు రోజుల సంగతి మా మరదలు ఇప్పటికీ మర్చిపోలేదు. మొత్తానికి స్టెల్లా కారెక్కి కంబదూరు చేరింది. మామ నోట్లో స్టెల్లా కాస్తా తెల్ల అయింది. కుక్క మాత్రం బెల్లం రంగు.

కళ్యాణదుర్గంలో బస్సు మారి నేను కంబదూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ ఊరు చూడనివాళ్లకి చెప్పడం కష్టం. ఎర్రమట్టి, గుండ్రాళ్ల గుట్టలు, పరిక్కంప, మల్లికార్జునస్వామి పాత రాతిగుడి, అవతల కూతవేటులో కన్నడ దేశం. సాలుకి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. అదీ అడిగినప్పుడు పడదు. చెనిక్కాయ విత్తడం, మొగం పైకెత్తుకుని కూర్చోవడం. ఇంత బయలు, ఇంత దూరం కనబడే నేల కాబట్టే ఇక్కడ ముక్కుతో పనిచేసే కుక్కలకన్నా కంటితో పనిచేసే కుక్కలకు విలువ. కుందేలు దుబ్బులోంచి లేస్తుంది, కుక్కకు కనబడుతుంది. తర్వాతదంతా కాళ్ల పని.

మామ అరుగు మీద కూర్చుని తెల్లను పక్కన నిలబెట్టి నాకు పాఠం మొదలుపెట్టాడు.

"మీ తమ్ముడు తెలీక కొన్నా మంచిదే కొన్నాడు. ఇదో, రొమ్ము చూడు. మోచేతి కాడికి దిగల్ల. లోపల ఊపిరి పట్టేది అక్కడే గదా. నడుము పిడికెడుండల్ల. కాలు చూడు, ఏళ్లు దగ్గరగా బిగిసుండాయి. ఏళ్లు ఇచ్చుకున్న కాలయితే కంపలో ముల్లు దిగి మూడో దినానికి కుంటుతాది."

"పిల్లగా ఉన్నప్పుడే ఇవన్నీ ఎలా తెలుస్తాయి మామా?"

"పిల్లను చూసేది తర్వాత. ముందు తల్లిని చూడల్ల. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అన్యారు గదా."

ఆ తల్లి మనిషి అడుగుపెడితే మీదికొచ్చే రకమా, మంచం కిందికి పారిపోయే రకమా చూడాలట. రెండూ పనికిరావు. తర్వాత పిల్లలన్నిటికీ ఒకే గిన్నెలో పాలు పోయాలి. అందర్నీ తొక్కుకుని ముందుకొచ్చేదాన్ని తీసుకోకూడదు. అది ఒకరి మాట వినదు. వెనక నిలబడి ఏడ్చేదాన్నీ తీసుకోకూడదు. తాగుతూ తాగుతూ మధ్యలో తలెత్తి మనిషి మొగం చూసేది ఒకటుంటుంది. దాన్ని పక్కకు తీసి, వెనకాల తాళంచేతుల గుత్తి పడేయాలి. ఉలిక్కిపడితే తప్పులేదు. ఉలిక్కిపడ్డాక మళ్లీ వచ్చి అదేమిటో వాసన చూస్తే ఆ పిల్లను ఒళ్లో వేసుకుని ఇంటికి రావచ్చు. మా అత్తగారు నన్ను చూడ్డానికొచ్చినప్పుడు కూడా పాటా, వంటా అడిగారు గానీ తాళంచేతులు పడేయలేదు. నయం.

ఈ ముధోల్ జాతి మనకి పొరుగిల్లే. కర్ణాటకలో బాగలకోటె జిల్లా ముధోల్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే వీటిని పోషించి, ఒక జంటను ఇంగ్లండు రాజు అయిదో జార్జికి కానుకిచ్చాడు. 2005 జనవరిలో మన తపాలా శాఖ వీటి బొమ్మతో బిళ్ల వేసింది. కుక్కలకు ఇంత మర్యాద కొత్తేమీ కాదు. మైసూరు సీమలో ఆతకూరు అని ఒక ఊరుంది. తక్కోలం యుద్ధంలో సాహసం చూపినందుకు ఏం కావాలో కోరుకో అని రాజు అడిగితే, మణలేరుడనే వీరుడు కాళి అనే వేటకుక్కను అడిగి పుచ్చుకున్నాడు. ఆ కాళి అడవిపందితో పోరాడి, పందిని చంపి తానూ చచ్చిపోయింది. దానికి రాయి నిలబెట్టి శాసనం చెక్కించారు. 949 ప్రాంతపు మాట. ఆ రాయి ఇప్పుడు బెంగుళూరు మ్యూజియంలో ఉంది. నేను మామకి ఈ కథ చెబితే, కుక్క పేరూ, పంది సంగతీ శ్రద్ధగా విని, రాజు పేరు అడగలేదు.

మామకీ ఒక కాళి ఉండేది. దాని పేరు సివంగి. నా చిన్నతనంలో ఎండాకాలం సెలవులకి అవ్వగారింటికి వచ్చినప్పుడు దాన్ని చూశాను. బూడిద రంగు, అందరికన్నా ఎత్తు, అందరికన్నా నిశ్శబ్దం. మామ దానికి ఏడాది నిండేదాకా పరుగు నేర్పలేదు. "ఎముక ముదరకముందే తరిమితే భుజం జారుతాది" అనేవాడు. ఆ ఏడాదంతా గొర్రెల వెనక నడక. గొర్రెపిల్లల మధ్యే పడక. ఫెరెట్‌తో కలిపి పెంచే ఇంగ్లండు వాళ్ల గురించి చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది. సాయంత్రం రాగిసంగటి, మజ్జిగ. వేటకి పోయే పొద్దున మాత్రం ఖాళీ కడుపు, ఎందుకంటే లోతు రొమ్ము కుక్క కడుపునిండా తిని పరిగెత్తితే కడుపు మెలిపడి చచ్చిపోవచ్చు. పట్టినదాన్ని నలపకుండా తేవడం నేర్పడానికి కోడిగుడ్డు నోట్లో పెట్టి ఇటునుంచి అటు తిప్పేవాడు. ఎన్ని గుడ్లు పగిలాయో మా అవ్వ లెక్కపెట్టి తిట్టేది. చివరికి ఒకరోజు సివంగి వీధి చివర నుంచి గుడ్డు తెచ్చి అవ్వ చేతిలోనే పెట్టింది. అవ్వ ఆ గుడ్డును ఉడకబెట్టి దానికే పెట్టింది.

మామకి ఒక పట్టింపుండేది. కొందరు రాత్రిపూట లైటు వేసి, గంట మోగిస్తూ పోతారు. వెలుగు కళ్లలో పడేసరికి కుందేలు కదలలేక నిలబడిపోతుంది. కట్టెతో కొట్టి తెస్తారు. మామ దాన్ని వేట అనేవాడు కాదు. "పరిగెత్తే దోవ దానికీ ఉండల్ల" అనేవాడు. పరిగెత్తనిచ్చి పట్టినదాన్ని అవ్వ ధనియాలూ ఎండుకొబ్బరీ నూరి కుండలో వండేది. ఆ రుచి నా నాలుక మీద ఇప్పటికీ ఉంది. అబద్ధమెందుకాడాలి? 1972లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు పుచ్చుకుని వేటాడే దారి కూడా మూసుకుపోయింది. కుందేలును పట్టినా చంపినా నేరమే. అయితే ఆ చట్టం మా అవ్వ వంటింటిదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఏనాడో ఒక సెలవులకి వస్తే మామ వేట మానేశాడన్నారు. చట్టానికి భయపడి ఉంటాడనుకున్నాను. సివంగి ఏదని అడిగినట్టు కూడా గుర్తు లేదు. అప్పటికి నేను ఇంటర్మీడియట్, నా లోకం నాది.

ఆ రాత్రి వంటింట్లో అత్త పక్కన కూర్చుని ఊరిబిండికి చెనిక్కాయ పప్పులు వేయిస్తూ ఆ మాటే అన్నాను.

"చట్టానికి భయపడే మనిషేనా మీ మామ?" అంది అత్త. "నీకెవురూ చెప్పలేదా?"

అప్పుడు చెనిక్కాయకు కలుపు తీస్తున్నారట. అత్త, ఇంకో ఏడెనిమిది మంది ఆడవాళ్లు. గట్టు మీది దుబ్బులోంచి కుందేలు లేచింది. సివంగి రెండు మలుపుల్లో అందుకుని, తెచ్చి మామ చేతిలో పెట్టింది. పన్ను దిగలేదు, నెత్తురు లేదు. అయినా అది చచ్చిపోయింది, భయానికే. మామ వెనక్కి తిప్పి చూశాడు.

"పొట్టకింద తడిగా ఉండింది పాపా. ఒత్తితే పాలొచ్చినాయి."

మామ కలుపు ఆపించాడు. కూలి తానిస్తానని చెప్పి అందర్నీ వెతకమన్నాడు. ఎక్కడని వెతుకుతారు? అది బొరియల కుందేలైతే బొక్క ముందర కూర్చుని చెయ్యి పెట్టి పిల్లల్ని తియ్యొచ్చు. వీటికి ఇల్లు లేదు. పిల్లలు తలో దుబ్బులో మట్టిరంగులో కలిసిపోయి, ఊపిరి కూడా తెలియకుండా పడుకుంటాయి. తల్లి పగలంతా ఎడంగా ఉండి, చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి పోతుంది. మనిషి పక్కనే నడిచినా అవి కదలవు. కదలకపోవడమే వాటికి తల్లి ఇచ్చిన ఆస్తి. ఆడవాళ్లు సాలు సాలూ వెతికారు. సివంగి మాత్రం గట్టు మీద నిలబడి దిక్కులు చూసింది. కదిలేదాన్ని పట్టడం దానికి నేర్పారు గానీ కదలనిదాన్ని వెతకడం ఎవరూ నేర్పలేదు. నేను చదివిన ఆ ఇంగ్లండు కుక్క ఆ వేళ అక్కడ ఉంటే ఏదన్నా వాసన పట్టేదేమో.

"మూడు దినాలు తిరిగినాడు. పాలకి తల్లొచ్చే యాళకి కదులుతాయేమోనని రాత్రిపూట బ్యాటరీ లైటేసుకుని పోయినాడు. ఏనాడూ లైటు పట్టుకుని గుట్టకి పోయిన మనిషి కాదు."

"దొరికాయా అత్తా?"

"లేదు."

పప్పులు మాడిన వాసన వస్తే దింపాను. మళ్లీ కొత్తగా వేయించాల్సి వచ్చింది.

వేట మానేశాక సివంగిని కట్టేశాడట. దానికి తెలిసిన పని ఒక్కటే. పొద్దున లేస్తే గుట్టవైపు చూస్తూ కూర్చునేది, సంగటి ముట్టేది కాదు. ఆర్నెల్లకి ఒక రాత్రి పట్టీ తెంచుకుని దేన్నో తరుముకుంటూ పోయింది. అడవిపందుల కోసం ఎవరో చేను చుట్టూ కరెంటు తీగ పెట్టారు. మామ "రా" అంటే ఎంత దూరం నుంచైనా వచ్చే కుక్కే. కానీ పరుగందుకున్నాక "నిలబడు" అంటే నిలబడడం దానికి రాదు. దాంతో మామకి ఎప్పుడూ అవసరం పడలేదు గదా. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో కుక్క లేదు. తమ్ముడు కారులో తెల్లను దించినప్పుడు కూడా మామ మొదట వద్దనే అన్నాడట. నడుమూ, పాదమూ చూసి తర్వాత మెత్తబడ్డాడు.

తెల్లకి నేర్పిందంతా ఆ ఒక్క పాఠమే. పొడుగాటి తాడు మెడకి కట్టి, ముందర కోడిపెట్టను వదలడం, తెల్ల ఉరకగానే ఈల వేయడం, ఈల వెనకే తాడు బిగించడం. నిలబడితే సంగటి ముద్ద. కోడి అయ్యాక గొర్రెపిల్ల, గొర్రెపిల్ల అయ్యాక మనవడి సైకిలుకి కట్టి ఈడ్చిన గుడ్డల మూట. మధ్యలో పక్కింటివాళ్ల కోళ్లు రెండు బలయ్యాయి. మామ డబ్బిచ్చుకున్నాడు. ఒకసారి తాడుతో సహా పోయి రెండు రోజులకి పావగడ రోడ్డులో దొరికింది. తాడు లేకుండా ఈలకి నిలబడడానికి ఏడాదిన్నర పట్టింది. సివంగికి వేట నేర్పడానికి అంతకాలం పట్టలేదని అత్త అంది.

ఆ రాత్రి పడుకుని నా నవల గురించి ఆలోచించాను. పుస్తకంగా వచ్చేటప్పుడు ఆ సన్నివేశం తీసేయాలి. కుక్కను లేపేస్తే కిటికీ దగ్గర కథానాయిక ఒక్కతే మిగులుతుంది. దేనికి కూర్చుందో నాకే తోచలేదు. దాన్ని కూడా లేపి పడుకోబెట్టేద్దామనుకున్నాను.

తెల్లవారుజామున మామ లేపాడు. "చేను కాడికి పోదాం రా, ఎండెక్కకముందే."

తెల్ల ముందు నడుస్తోంది, మెడలో పట్టీ ఉంది గానీ తాడు లేదు. రాత్రి పందులు వచ్చాయేమోనని మామ గట్టు వెంబడి అడుగులు చూసుకుంటూ పోతున్నాడు. నేను చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరిక్కంప తప్పించుకుంటూ వెనక పడ్డాను. దుబ్బు ఒకటి కాలికి అడ్డొస్తే దాటబోయాను. నా పాదానికి జానెడు దూరంలో నేల లేచి పరిగెత్తింది. నిజంగా అలాగే అనిపించింది. కెవ్వున అరిచాను. ఆ అరుపుకి తెల్ల వెనక్కి తిరిగింది, చూసింది, ఉరికింది.

కుక్క అంత వేగంగా పోతుందని నాకు తెలియదు. నాలుగు కాళ్లూ నేలనొదిలి గాల్లో ఉన్నాయి. కుందేలు కుడికి తిరిగితే తెల్ల కుడికి, ఎడమకి తిరిగితే ఎడమకి. మధ్య దూరం మూరెడు తగ్గింది, ఇంకో మూరెడు తగ్గింది. నేను మామ వంక చూశాను. మామ రెండు వేళ్లూ నోట్లో పెట్టుకుని ఉన్నాడు, ఈల వేయలేదు. ఎందుకు వేయడు? ఇంకో మలుపు చూశాడు. అప్పుడు వేశాడు.

తెల్ల నిలబడింది. మట్టి లేచింది. ముందరి కాలొకటి గాల్లోనే ఉంది, ఒళ్లంతా వణుకుతోంది. కుందేలు గుట్టరాళ్లలోకి పోయేదాకా చూస్తూ నిలబడి, అప్పుడు తల తిప్పి మామను చూసింది. మామ దాని దగ్గరికి నడుచుకుంటూ పోయి, పంచె కొంగున కట్టుకొచ్చిన సంగటి ముద్ద పెట్టాడు. చెవుల వెనక రుద్దుతూ ఏదో అన్నాడు, దూరంగా ఉన్నాను, నాకు వినబడలేదు.

వెనక్కి వచ్చి నేను దాటబోయిన దుబ్బు దగ్గర వంగి చూశాడు. చుట్టూ గడ్డి పక్కకి తీసి చూశాడు. పిల్లలేమీ లేవు. "మొగదై ఉంటాదిలే," అన్నాడు.

దుబ్బు మొదట్లో చిన్న గుంట ఉంది. ఒకవైపు లోతు, ఒకవైపు మెరక. మా ఇంట్లో పిండి కలిపే బేసిన్ అంత ఉంటుందేమో.

"ఇదే దాని ఇల్లు. సరిగ్గా చూసి రాసుకో," అని మామ ముందుకు నడిచాడు, తెల్ల పక్కన.

నేను వంగి గుంటలో చెయ్యి పెట్టాను. ఇంకా వెచ్చగా ఉంది.